ఎడమ చక్రాలు

కుడివైపు చక్రాలను ముట్టుకోవాల్సిన పనే లేదన్నాడు మొహిద్దీన్ బాషా, ఎడమవైపు రెండూ ఊడదీసి షెడ్డులోకి దొర్లించుకుపోతూ. పని వద్దనే పనివాణ్ణి శివరామకృష్ణ తన యాభై ఆరేళ్ళలో చూసి ఎరగడు. నాలుగు చక్రాలకీ గీతలు పూడ్పించి కొత్తగా వెండిరంగు కొట్టించుకుందామని ప్రత్తిపాడు నుంచి గుంటూరు ఆటోనగర్‌కి పొద్దున్నే వస్తే, రెండు చాలంటున్నాడంటే ఇందులో ఏదో ఉంది. మంచితనం చూపించి ఒక దగ్గర ఆపేవాడు ఇంకో దగ్గర లాగుతాడు. ముప్పై ఏళ్ళుగా మిర్చి యార్డులో ఎగుమతి వాళ్ళ తరఫున కాయ కొంటున్నవాడికి ఈ సంగతి ఒకరు చెప్పాలా? టిక్కీ బస్తా మూతి విప్పగానే పైన కనిపించే కాయ ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది, నిగనిగలాడుతూ, తొడిమలు కూడా ఆకుపచ్చగా, ఇప్పుడే చెట్టు మీంచి దించినట్టు. చెయ్యి మోచేతిదాకా దూర్చి అడుగునుంచి గుప్పెడు లాగితే అప్పుడు బయటపడతాయి తాలు కాయలు, నీళ్ళు చల్లిన కాయలు, పోయినేటి కాయలు. రైతు ముఖం చూడకూడదు, గుప్పెట్లో కాయ చూడాలి. అందుకే స్టూలు షెడ్డు గుమ్మంలోనే వేయించుకుని, రెండు చక్రాలూ కనిపించేటట్టు కూర్చున్నాడు. అందుకే నిన్న సాయంత్రం ఇంటి దగ్గర కారు కిందకి దూరి, నాలుగు రిమ్ముల లోపలివైపూ మేకుతో ఒక్కొక్క అడ్డగీత పెట్టుకుని మరీ వచ్చాడు. మార్చేస్తే తెలియాలి కదా. రెండువేల నాలుగులో ఇష్టపడి కొనుక్కున్న బండి, మూడేళ్ళు నిండలేదు, ఆ రిమ్ములంటే అందరికీ కన్నే.

గీతలు మొదలైంది సంక్రాంతి వెళ్ళాక. ముందు చిన్నగా, పిల్లి గీరినట్టు. తర్వాత లోతుగా, వేలు పెడితే దిగేటంత. ఫిబ్రవరిలో ఇదే బాషా దగ్గర బాగుచేయించాడు. మూడు నెలలు తిరిగేసరికి మళ్ళీ అవే గీతలు, అదే చోట. రంగు నాసిరకమైనా అయ్యుండాలి, లేదా ఎవరో పనిగట్టుకుని గీస్తూ అయినా ఉండాలి. రంగుదే తప్పయితే లోహం తెగదు. కాబట్టి గీస్తున్నారు. ఎవరు? తాళం అతని జేబులోంచి కదలదు, బండి ఇంకొకరి చేతికివ్వడు, రాత్రిళ్ళు గేటు లోపలే ఉంటుంది. గేటుకీ రోడ్డుకీ మధ్య ఉన్నది ఒకటే సందు, ఆ సందుకి ఎడమపక్క ఉన్నది ఒకటే ఇల్లు, పెదనాన్న కొడుకు బాపయ్యది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే సైకిల్ మీద బడికెళ్ళినవాళ్ళు. బాపయ్య తొక్కేవాడు, తను వెనక కూర్చుని రెండు పుస్తకాల సంచులూ మోసేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు సందులో ఎదురుపడినా పలకరించడం మానేశాడు. అరుగు మీద కూర్చునే ఉంటాడు, తను కారు పోనిస్తుంటే ఒక్క మాట ఉండదు. ఇంటి మూలన అరిగిపోయిన బండరాయికి మార్చిలో ఉన్నట్టుండి తెల్లగా సున్నం కొట్టాడు. అంతకుముందు నలభై ఏళ్ళు ఎవరూ పట్టించుకోని రాయి. సున్నం ఎవరు కొడతారు? హద్దు చూపించేవాడు కొడతాడు. రేపు సర్వేయర్ని తెచ్చి ఇక్కడిదాకా నాదంటాడు. ఆ రోజు కారు సందులోనే ఆపి, దిగి, వీధి వినేలా అడిగేశాడు. "ఏంటన్నా, రాయి నాటి సందంతా కలుపుకుందామనా?" బాపయ్య సున్నపు చేతులు లుంగీకి తుడుచుకుంటూ అలా చూశాడే తప్ప పెదవి విప్పలేదు. తప్పు చేసినవాడు కాకపోతే సమాధానం చెప్పడూ? అప్పటినుంచీ ఆ ఇంట్లో పెళ్ళి భోజనానికి కూడా తను వెళ్ళలేదు.

బాషా చక్రానికి టైరు విప్పి, రిమ్మును ఇనుప ఇరుసుకి తగిలించి తిప్పాడు. ఒక కన్ను మూసి, తల పక్కకు వంచి, తిరుగుతున్న అంచునే చూస్తున్నాడు. వంకర ఉందో లేదో అలా తెలుస్తుందట. గడ్డం తెల్లబడిపోయింది గానీ చేతులు మాత్రం కుర్రవాడివే. తిరగడం ఆగాక ఎమిరీ కాగితం తీసుకుని అంచు మీద రుద్దుతూ, తలెత్తకుండా అడిగాడు.

"బండి ఎవరు నడుపుతారండీ?"

"నేనే. ఎందుకు?"

"ఇంకెవరూ నడపరా?"

"నడపరన్నానుగా. ఏం, ఎవరన్నా తెచ్చారా నీ దగ్గరికి?"

"లేదండీ, ఊరికే." రుద్దడం ఆపి రిమ్ము వెనక్కి తిప్పాడు. "బయటి గీతలు రాళ్ళవండీ. లోపల ఇదిగో, ఇదొకటి మేకుతో గీసినట్టుంది. ఇది కూడా తీసెయ్యమంటారా, ఉంచమంటారా?"

శివరామకృష్ణకి చెవులు వేడెక్కాయి. "ఉంచు," అన్నాడు. బాషా మీసం కింద నవ్వాడో లేదో తెలియలేదు. ఉంచమన్నప్పుడు అలా తల ఊపడంలో మర్యాద ఉందా, వెటకారం ఉందా? అయినా బండి ఎవరు నడుపుతారన్న ప్రశ్న ఎందుకొచ్చింది? ఫిబ్రవరిలోనూ ఇదే అడిగాడు, ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడూ అడిగి ఊరుకున్నాడు. తెలిసినవాడే అలా అడుగుతాడు. తనకి తెలియకుండా ఎవరో ఈ బండి తిప్పుతున్నారని వీడికి తెలుసు. తాళానికి రెండోది ఉంది, బీరువాలో, పార్వతి చీరల కింద.

పార్వతి. ఇవాళ సోమవారం, అమరావతి వెళ్ళి ఉంటుంది. ప్రతి సోమవారం అమరేశ్వరుడి దర్శనానికి ఇద్దరూ కారులోనే వెళ్ళేవాళ్ళు, కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చుని వచ్చేవాళ్ళు. ఉగాది దాటాక పార్వతి బస్సులో వెళ్తానంది. కారు ఏసీ పడటంలేదంది. ఏసీ కట్టేస్తానంటే, బస్సులో అయితే తోడు హనుమాయమ్మ గారు వస్తారు, కబుర్లు చెప్పుకుంటూ వెళ్తామంది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో పార్వతి ఎప్పుడు అబద్ధం చెబుతుందో అతనికి తెలుసు, ఆమెకు అబద్ధం చెప్పేటప్పుడు కొంగు చివర వేలికి చుట్టుకోవడం అలవాటు. ఆ రోజు చుట్టుకుంది. అంతకుముందు కారులో పక్కన కూర్చున్నన్నాళ్ళూ డోరు పైన ఉండే పిడి రెండు చేతులా పట్టుకుని కూర్చునేది, ఎక్కడో మనసు పెట్టుకుని. మాటిమాటికీ "ఏవండీ!" అని అరిచేది. ఏంటంటే ఏమీ లేదనేది. దాచేది ఏదో లేకపోతే మనిషి అలా ఎందుకుంటుంది? బాపయ్య ఇంటి అరుగు మీద అతని భార్యతో గుసగుసలాడుతూ రెండుసార్లు కనిపించింది, తను రాగానే ఇద్దరూ ఆపేశారు. యార్డులోనూ అంతే. వేసవి సెలవులిచ్చే ముందు వారం, లాటులో మూడు టిక్కీలు తాలు వచ్చాయని, తను చూసి పాస్ చేసినవేనని ఆఫీసులో అన్నారు. తను చూసిన వరసలో తాలు ఎలా వస్తుంది? ఎడమ చివరన ఆ మూడూ తర్వాత ఎవరో తెచ్చి పెట్టారు. ముప్పై ఏళ్ళ పేరు, ఒక్క లాటుతో తియ్యాలని. ఇంట్లో, సందులో, యార్డులో అన్నిచోట్లా ఒకేసారి మొదలైందంటే వాళ్ళందరికీ మధ్య ఏదో దారం ఉంది. ఆ దారం కొస ఎక్కడుందో అదే తెలియటంలేదు.

షెడ్డు వెనకే బాషా ఇల్లు. అల్లం టీ మరుగుతున్న వాసన వచ్చింది. బాషా భార్య రహిమున్నీసా మాట వినిపించింది, కొంగు తల మీదికి లాక్కుంటూ వచ్చి వెళ్ళడం కొంచెంగా కనిపించింది. బాషా గ్లాసు పట్టుకుని చప్పరిస్తున్నాడు. తనకి ఇవ్వలేదు. ఫిబ్రవరిలో వద్దన్నా వినకుండా ఇచ్చారే, బిస్కెట్లు కూడా పెట్టి. ఇవాళ ఎదురుగా మనిషి కూర్చునుంటే ఒక గ్లాసు టీ ఇవ్వడానికి చెయ్యి రాలేదు. మేకు గీత చూశారు కాబట్టి. నమ్మకం లేనివాడికి టీ ఎందుకని. లేదా తొందరగా లేచి పోవాలని. లేచి పోతే ఏం చేద్దామని? మే నెల ఎండ రేకుల మీద కాగి, షెడ్డంతా థిన్నరు వాసనతో, వేడితో బరువెక్కిపోయింది. నోరు ఎండిపోతోంది. అడిగితే ఇస్తారు, కానీ అడగడు.

రుద్దడం అయ్యాక బాషా కంప్రెసర్ వేశాడు. అది దడదడలాడుతూ గాలి నింపుకుంటోంది. ఏ రిమ్ము రుద్దుతున్నాడు, తన గీత ఉన్నదేనా, మధ్యలో మార్చాడా? శివరామకృష్ణ లేచి దగ్గరికి వెళ్ళి వంగాడు. సరిగ్గా అప్పుడే బాషా గాలిగొట్టం నొక్కాడు. రిమ్ము మీది తెల్లటి పొడి ఒక్కసారిగా లేచి ముఖాన కొట్టింది. కుడి కంట్లో నిప్పురవ్వ పడ్డట్టయింది. అరచేత్తో కన్ను గట్టిగా మూసుకున్నాడు.

షెడ్డంతా చీకటైపోయింది.

"కరెంటు పోయిందేంటి?" అన్నాడు.

"పోలేదండీ." బాషా గొంతు దగ్గర్లోనే వినిపించింది. "కంట్లో పడిందా? అయ్యో, చూసుకోలేదండీ, రుద్దకండి, నీళ్ళు తెస్తాను."

పోకపోవడమేమిటి? నడివేసవిలో రోజుకి నాలుగు గంటలు తీస్తూనే ఉన్నారు. ఇంత చీకటిలో కరెంటు పోలేదంటాడు, వీడి ఉద్దేశం ఏమిటి? కానీ కంప్రెసర్ తిరుగుతూనే ఉంది. దడదడదడ. కరెంటు లేకుండా అది తిరగదు. చెవులు ఒకటి చెబుతున్నాయి, కళ్ళు ఒకటి చెబుతున్నాయి. చెయ్యి తీశాడు. మంటలోంచి, నీళ్ళలోంచి, ట్యూబులైటు కనిపించింది, వెలుగుతూ. గోడ మీద క్యాలెండరు, బాషా చేతిలో చెంబు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మళ్ళీ కుడికన్ను మూశాడు. లేవు. పొగమంచు తెల్లవారుజామున పత్తి చేలలో ఎలా కమ్ముకుంటుందో అలా బూడిదరంగు, దాని అడుగున ఎక్కడో గుమ్మం అనుకోదగ్గ ఒక వెలుగు మరక. తెరిచాడు. ట్యూబులైటు. మూశాడు. బూడిద. ఎడమకన్ను రెప్ప మూసుకుందేమోనని వేలితో తడిమి చూశాడు. తెరిచే ఉంది. గుడ్డుకి వేలు తగిలింది, నీళ్ళు కారాయి, అన్నీ మామూలు కన్ను చేసినట్టే చేసింది, చూడటం ఒక్కటే చెయ్యలేదు.

"ఏం కొట్టావయ్యా నా కంట్లో?" అని అరిచాడు. "ఏం కలిపావు దాంట్లో? కన్ను పోయింది, కనిపించట్లేదు నాకు!"

బాషా చెంబు కింద పెట్టాడు. "ఏ కన్నండీ?"

"ఎడమది!"

"పొడి పడింది కుడికంట్లో కదండీ."

అబద్ధం వెతికే చెయ్యి మోచేతిదాకా దూరి అడుగు తగిలి ఆగిపోయింది. బాషా అతని భుజం పట్టి స్టూలు మీద కూర్చోబెట్టి, కుడికంట్లో నీళ్ళు చల్లాడు. చప్పుడు విని రహిమున్నీసా లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"టీ అలాగే ఉండిపోయిందేంటండీ," అంది మెల్లిగా. "పక్కనే పెట్టాను గదా, తాగలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నా."

తల మొత్తం, మెడ విరిగేటంతగా, ఎడమకి తిప్పాడు. మోచేతికి జానెడు దూరంలో పెద్ద స్టూలు మీద గ్లాసు, మీగడ కట్టి చల్లారిపోయింది. పక్కన సాసర్లో రెండు బిస్కెట్లు.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?" బాషా అడిగాడు. తెలియదన్నట్టు శివరామకృష్ణ చెయ్యి ఊపితే, బాషాయే మళ్ళీ అందుకున్నాడు. "ఒక పక్కనే గీతలు పడ్డ బండ్లు చాలా వస్తాయండీ నా దగ్గరికి. కొత్తగా నేర్చుకునేవాళ్ళవైతే నాలుగు వైపులా గీకేస్తారు. ఎప్పుడూ ఒక పక్కేనంటే చూపులో తేడా ఉండొచ్చు. మా నాన్నకీ ఇలాగే, నీటికాసులన్నారు. నొప్పుండదు, ఎరుపుండదు, ఓ మూలనుంచి తినుకుంటూ పోతుంది. రెండో కన్ను సర్దుకుపోతుంది గాబట్టి మనిషికి తెలీదు. ఫిబ్రవరిలోనే అడుగుదామనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"బండి ఎవరు నడుపుతారని అడిగితేనే నన్ను దొంగని చూసినట్టు చూశారండీ." కోపం లేకుండా అన్నాడు, వాతావరణం సంగతి చెప్పినట్టు. "ఇంక కళ్ళ సంగతి ఎక్కడ ఎత్తను?"

కంప్రెసర్ గాలి నిండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అతనికి బాపయ్య కనిపించాడు, ఎడమపక్క అరుగు మీద కూర్చుని, చెయ్యి ఎత్తి, ఎత్తిన చెయ్యి మెల్లిగా దించుకుంటూ. ఎన్ని రోజులు ఎత్తి ఉంటాడు? పలకరించనిది ఎవరు? సున్నం హద్దు కోసం కొట్టలేదు. చీకటిపడ్డాక తెల్లరాయి అయితే తమ్ముడికి ఆనుతుందని కొట్టాడు. అది నోటితో చెబితే తమ్ముడు ఏమంటాడో తెలుసు కాబట్టి సున్నంతో చెప్పాడు. వరస చివర మూడు టిక్కీలు ఎవరూ తెచ్చి పెట్టలేదు, ఉన్నవే, తన నడక వాటిదాకా వెళ్ళింది, చూపు వెళ్ళలేదు. దారం ఉందనుకోవడం నిజమే, కొస తన ముఖంలోనే ఉంది. కానీ ఇవన్నీ ఒకెత్తు. ఇంకొకటి ఉంది. రాయి తగిలితే రిమ్ముకి గీత పడుతుంది. గట్టివన్నీ గీతలు పెట్టి, మేమున్నామని చెప్పి వెళ్ళాయి. మెత్తనివేవైనా తగిలితే గీత పడదు. ఏప్రిల్లో, కాటన్ మిల్లు దాటాక మలుపు దగ్గర, ఎడమపక్కన ఎవరో కేక వేశారు. అద్దంలో చూస్తే సైకిలూ మనిషీ పక్క కాలవలో ఉన్నారు. ఆ మనిషి బురదలోంచి లేస్తూ "కళ్ళు కనపడట్లేదా నీకు?" అని అరిచాడు. ఆ దారిన రోజుకి పదిమంది పదిమందిని అనే మాటే అది. వీడెవడో కావాలని అడ్డం పడ్డాడు, ఆపితే నలుగురూ పోగవుతారు అనుకుని, తను ఇంకా వేగంగా పోనిచ్చాడు. మనిషి లేచాడు, కేక వేశాడు, కాబట్టి బతికే ఉన్నాడు. కేక వేయనివాళ్ళు ఉన్నారా? మార్చిలో ఒకసారి దబ్బుమని చప్పుడైతే కుక్క అనుకున్నాడు. కుక్కేనా? కుక్కే. చూశాడా? చూడలేదు. అనుకున్నాడు. ఆ పక్కన, ఆ డోరుకి ఆనుకుని, ఆ గుడ్డివైపునే, పిడి రెండు చేతులా పట్టుకుని మూడు నెలలు కూర్చుంది పార్వతి. రోడ్డులో సగం ఆమే చూసింది. ఏవండీ అన్నప్పుడల్లా ఎవరో ఒకరు బతికారు.

ఫోను తీసి నంబరు నొక్కాడు. చాలాసేపు మోగింది.

"ఎక్కడున్నావు?"

"గుంటూరు బస్టాండు. ఇప్పుడే దిగాం. ఏమైందండీ, గొంతు అలా ఉంది?"

"పార్వతీ, నా ఎడమకన్ను సంగతి నీకు తెలుసా?"

బస్టాండు మైకులో ఒంగోలు బస్సు గురించి ఏదో చెబుతున్నారు. "అనుమానం," అంది. "బావగారు ముందు కనిపెట్టారు. ఆ తర్వాత నేనూ చూశాను, అన్నం తినేటప్పుడు ఎడమపక్క పెట్టిన గిన్నె అలాగే వదిలేస్తున్నారు మీరు. కూర పెట్టలేదేమని నా మీద కేకలేశారు, గుర్తుందా?"

"చెప్పొచ్చుగా."

"చెబితే ఏమనేవారు?"

అతను ఆలోచించాడు. బాపయ్యా నువ్వూ కలిసి నా బండి మాన్పించాలని చూస్తున్నారా అనేవాడు. అచ్చం ఆ మాటలే అనేవాడు.

"ఇప్పుడు బండి ఎక్కకండి," అంది. ఆ గొంతులో బతిమాలడం లేదు. "ఆటోలో పావుగంటలో వస్తాను. కంటి డాక్టరు సాయంత్రం ఆరుదాకా ఉంటారు, కనుక్కున్నాను. నెల కిందటే కనుక్కున్నాను. రెండో కన్నయినా కాపాడుకోవాలి గదా."

ఆ పావుగంటా అతను కదల్లేదు. బాషా రెండు రిమ్ములకీ ఎర్రటి ప్రైమర్ కొట్టి గోడకి ఆనించాడు. రంగు ఆరి, పైకోటు పడేసరికి సాయంత్రమవుతుందన్నాడు. శివరామకృష్ణ జేబులోంచి తాళం తీసి అతని చేతిలో పెట్టాడు. రసీదు అడగాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాడు. "రేపు మా అన్న వస్తాడు బండి కోసం. బాపయ్య అని," అన్నాడు. బాపయ్య వస్తాడో రాడో తెలియదు. ముందు వెళ్ళి ఆ అరుగు ఎక్కాలి. ఏమని అడగాలో ఇంకా తెలియదు.

ఆటో ఆగిన చప్పుడైంది. పూజ బుట్ట చేతిలో పట్టుకుని, నుదుట విభూతితో పార్వతి షెడ్డులోకి వచ్చింది. బాషాకి, రహిమున్నీసాకి దండం పెట్టి, "వెళ్దాం పదండి," అంది. ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చారు. ఆటోనగర్ నిండా లారీలు, సుత్తి దెబ్బలు, ఎండ. ఆమె అతని వెనకనుంచి చుట్టు తిరిగి ఎడమపక్కకి వచ్చింది. ఆ క్షణం నుంచి అతనికి ఆమె కనిపించలేదు. గాజుల చప్పుడు ఒకసారి వినిపించి లారీ హారన్‌లో కలిసిపోయింది. పక్కన ఉందో లేదో తల తిప్పి చూసుకోబోయి, మెడ సగం తిరిగాక ఆగి, ఎదురుగా చూస్తూ నడిచాడు.